ఆడని బొమ్మ, నచ్చిన బొమ్మ



మా కృష్ణా తీరంలో ఫలానా సినిమా ఎలా ఉందని అడిగితే ఎక్కువమంది చెప్పేది అది ఎన్నాళ్లు ఆడిందన్న లెక్క. వందరోజులు ఆడితే మంచి బొమ్మ, రెండో శుక్రవారానికి ఎత్తేస్తే చెత్త బొమ్మ. బందరు కోనేరు సెంటర్లో అడిగినా, గుడివాడ బస్టాండులో అడిగినా, దివిసీమలో అవనిగడ్డ దాకా వెళ్లి అడిగినా ఇదే జవాబు. ఈ రోజు నేను మాట్లాడేది ఆ లెక్కలో ఓడిపోయిన సినిమాల గురించి. జనం చూడని, పత్రికలు మెచ్చని కొన్ని సినిమాలు నాకు ప్రాణం. వాటిని ఇష్టపడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని, అలా ఇష్టపడేవాళ్లు ప్రతి ఊళ్లోనూ నలుగురైనా ఉండాలని నా నమ్మకం. ఎందుకు ఉండాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మాది మంగినపూడి. నల్లమట్టి తీరం, లైట్‌హౌసు, కార్తీక పౌర్ణమి సముద్రస్నానాలు. పున్నమి రోజున తెల్లవారకముందే చుట్టుపక్కల పల్లెల జనమంతా ఇక్కడికి చేరేవారు. స్నానాలు చేసి, దీపాలు వదిలి, తెచ్చుకున్న పులిహోర తిని, తిరుగు ప్రయాణంలో బందరులో దిగి మ్యాట్నీకి వెళ్లేవాళ్లు చాలామంది ఉండేవారు. తడి బట్టల మూటలు కుర్చీల కింద పెట్టుకునేవారు. పిల్లల కాళ్లకి ఇంకా మట్టి అంటుకునే ఉండేది. హాల్లో ఏ బొమ్మ ఉందో, అది ఆడుతోందో పోయిందో వాళ్లకి తెలియదు. పేపరు చదివి వచ్చినవాళ్లు కాదు, టాకు విని వచ్చినవాళ్లు కాదు. ఊళ్లోకి వచ్చారు, నేల టికెట్టు తీసుకున్నారు, కూర్చున్నారు. పై తరగతి కుర్చీలన్నీ ఖాళీగా ఉన్న సినిమాకి కూడా ఆ నేల మీది ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. సినిమా పోయిందన్న కబురు వాళ్లకి చేరలేదు, అంతే. చేరి ఉంటే హాల్లోకి వచ్చేవారే కాదు. వచ్చాక ఏడవడానికి మాత్రం ఆ కబురు అడ్డం రాలేదు.

ఆడటం వేరు, మనసుకి తగలడం వేరన్న ఈ సంగతికి మా బందరు చరిత్రలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది.

బందరులో 1902లో కృష్ణాపత్రిక మొదలైంది. ముట్నూరి కృష్ణారావు గారి సంపాదకత్వంలో అది ఆంధ్రదేశానికి రాజకీయం, సాహిత్యం నేర్పిన పత్రిక. టాకీలు వచ్చిన కొత్తలో, 1930లలో, ఆ పత్రికలో సినిమాల మీద సమీక్షలు రాసిన యువకుడు బందరు బిడ్డ కమలాకర కామేశ్వరరావు గారు. సినీ ఫాన్ అన్న పేరుతో రాసేవారు. 1936లో ఒకే కథ మీద రెండు సినిమాలు పోటీపడి వచ్చాయి. ఒకటి ద్రౌపదీ వస్త్రాపహరణం. రెండోది బళ్లారి రాఘవ గారు దుర్యోధనుడిగా నటించిన ద్రౌపదీ మానసంరక్షణం. కామేశ్వరరావు గారు రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచారు. జనం కూడా తూచారు. వస్త్రాపహరణం నిలిచింది, మానసంరక్షణం నిలబడలేదు. ఈ సమీక్షకుడి కలం బలం మద్రాసు దాకా వినిపించింది. ఆయన సినిమారంగంలోకే వెళ్లారు. దర్శకుడు కె.వి. రెడ్డి గారి దగ్గర పనిచేశారు, 1951లో వచ్చిన పాతాళ భైరవి స్క్రీన్‌ప్లేలో పాలుపంచుకున్నారు.

తర్వాత విజయా సంస్థ ఆయనకు దర్శకత్వం అప్పగించింది. ఆ సినిమా చంద్రహారం. 1954 జనవరిలో వచ్చింది. ఎన్టీ రామారావు, జూనియర్ శ్రీరంజని, సావిత్రి, ఎస్వీ రంగారావు, రేలంగి నటులు. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు గారివి. ఆయన కూడా బందరులో చదివి, బందరు నాటక సమాజంలో ఆరితేరినవారే. సంగీతం ఘంటసాల, కెమెరా మార్కస్ బార్ట్‌లీ, కళ గోఖలే, కళాధర్. ఇంతమంది హేమాహేమీలు పనిచేసినా సినిమా ఆడలేదు. పదిమంది సినిమాలకి తీర్పు చెప్పిన మనిషి మొదటి సినిమాకే జనం ఎదురు తీర్పు చెప్పారు.

ఎందుకు ఆడలేదు? పాతాళ భైరవిలో మాంత్రికుణ్ని ఎదిరించిన తోటరాముణ్ని చూసిన కళ్లు అవి. చంద్రహారంలో అదే రామారావు గారు కలలు కనే రాజకుమారుడు. అతని ప్రాణం ఒక హారంలో ఉంది. ఆ హారం పరాయి చేతికి పోతే అతను నిర్జీవుడై పడి ఉంటాడు. కత్తి తిప్పుతాడని వచ్చినవాళ్లకి హీరో పడుకుని ఉంటే ఎలా నచ్చుతుంది? వాళ్లని తప్పుపట్టలేను. డబ్బు పెట్టి కొనుక్కున్న టికెట్టు అది.

కానీ ఈ సినిమా నాకు ఇష్టం. ఎందుకు ఇష్టమో చెబుతాను. అందులో ఊహాసుందరిని తలచుకుంటూ రాజకుమారుడు పాడే పాట ఒకటి ఉంది. ఘంటసాల గారు ఎక్కడా తొందరపడరు. ఒక్కో మాట దగ్గర ఆగి, ఆ మాటలోని మెత్తదనమంతా బయటికి తీసి, అప్పుడు ముందుకు వెళతారు. పాట అయిపోయేదాకా కథ అంగుళం కదలదు. జనానికి విసుగు పుట్టించింది ఆ కదలకపోవడమే, నన్ను పట్టి ఆపేదీ అదే. ఇంకా లోకం చూడని మనిషి, తన ఊహనే లోకం అనుకునే వయసు, ఆ నిలకడలోనే కనిపిస్తాయి. సావిత్రి గారిని చూడండి. ఇందులో ఆమె నాయిక కాదు. అందని మనిషి కోసం తపించే పాత్ర. ఆ కోరికని, ఆ పంతాన్ని ఆమె కళ్లతోనే పలికించారు. తర్వాత వచ్చిన మిస్సమ్మ, మాయాబజార్ చూసి సావిత్రి ఇంతే అనుకున్నవాళ్లు ఈ సావిత్రిని కూడా చూడాలి.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు. చంద్రహారం పోతేనేం, అదే కామేశ్వరరావు గారు తర్వాత పాండురంగ మహత్యం తీశారు, గుండమ్మ కథ తీశారు, 1963లో నర్తనశాల తీశారు, ఆ నర్తనశాలతో రంగారావు గారికి జకార్తాలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది, కాబట్టి ఓటమి గెలుపుకి మెట్టు అని. మా ప్రాంతం నుంచి ఇలాంటివి ఇంకా చెప్పొచ్చు. పింగళి గారి నాటకం ఆధారంగా 1948లో వచ్చిన వింధ్యరాణి ఆడలేదు, మరుసటేడు గుణసుందరి కథతో ఆయన కలానికి తిరుగులేకుండా పోయింది. గుడివాడ దగ్గర కౌతరంలో పుట్టిన కైకాల సత్యనారాయణ గారు హీరోగా చేసిన మొదటి సినిమా సిపాయి కూతురు 1959లో వచ్చి పోయింది, తర్వాత ఆయన ఎన్ని వందల పాత్రలు వేశారో మనందరికీ తెలుసు.

ఇవన్నీ నిజాలే. అయినా ఈ వాదన నాకు చాలదు. తర్వాత నర్తనశాల వచ్చిందని చంద్రహారం మంచి సినిమా అయిపోలేదు. నర్తనశాల రాకపోయినా ఘంటసాల గారి ఆ పాట ఆ పాటే, సావిత్రి గారి ఆ చూపు ఆ చూపే. ఒక సినిమాకి దాని తమ్ముడి గెలుపుతో మర్యాద ఇప్పించనక్కర్లేదు. దానిలో ఉన్నదేమిటో చూడాలి.

మా ప్రాంతపు ఇద్దరు మహానటుల మాట కూడా చెప్పుకోవాలి. నిమ్మకూరు రామారావు గారు సొంత సంస్థ నేషనల్ ఆర్ట్ థియేటర్ పెట్టి మొదట తీసినవి సాంఘికాలు. పిచ్చి పుల్లయ్య తర్వాత 1954లో తోడుదొంగలు తీశారు. రైసుమిల్లు యజమానిగా గుమ్మడి, అతని కింద పనిచేసే మనిషిగా రామారావు. మిల్లులో ఒక కూలీ చావు, దాన్ని దాచబోయి ఇద్దరూ పాపంలో కూరుకుపోవడం కథ. దానికి జాతీయ స్థాయిలో మెరిట్ సర్టిఫికెట్ వచ్చింది కానీ డబ్బు రాలేదు. మరుసటేడు ఆయన జయసింహ తీసి నిలదొక్కుకున్నారు. సంస్థ బతకాలంటే అదే దారి. అయితే మా డెల్టాలో రైసుమిల్లు లేని ఊరుంటుందా? ఊక పొగ, బస్తాల లెక్క, కూలీకి ఇచ్చే అప్పు, యజమాని ఇంటి అరుగు, ఇవన్నీ తెలిసిన మనిషికి తోడుదొంగలు పక్కింటి కథ. మన ఊళ్లో మాట్లాడుకోని విషయాన్ని తెరమీద చూడటం కొందరికి ఇబ్బంది. నాకు మాత్రం, కత్తులు పట్టిన రామారావు గారిలో కనిపించని ఒక భయం, ఒక నేరస్థుడి చెమట ఇందులో కనిపిస్తాయి.

గుడివాడ పక్క రామాపురంలో పుట్టిన నాగేశ్వరరావు గారు ఇంకో అడుగు ముందుకు వేశారు. ఆదుర్తి సుబ్బారావు గారితో కలిసి చక్రవర్తి చిత్ర పేరుతో, సంపాదించినదాంట్లో కొంత సమాజానికి పనికొచ్చే సినిమాలకి ఖర్చు పెట్టాలనుకుని, 1960ల చివర సుడిగుండాలు, 1970లో మరో ప్రపంచం తీశారు. సుడిగుండాలు కథ వినండి. ఒక న్యాయమూర్తి కొడుకుని ఇద్దరు కుర్రాళ్లు చంపుతారు. పగ లేదు, డబ్బు కోసం కాదు. ఆ న్యాయమూర్తి ఉద్యోగం వదులుకుని, ఆ కుర్రాళ్ల తరఫున వాదించడానికి నల్లకోటు వేసుకుంటాడు. పిల్లలు ఇలా తయారు కావడానికి పెద్దల బాధ్యత ఎంత అని అడుగుతాడు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. హాళ్లు మాత్రం నిండలేదు. కన్నకొడుకుని పోగొట్టుకున్న తండ్రి నోట ఆ వాదన వినడం సులువు కాదు. ఈ రోజు పిల్లల చేతుల్లో జరిగే ఘోరాలు వార్తల్లో వింటున్నప్పుడు, అర్ధశతాబ్దం కిందటే మన గుడివాడ మనిషి ఆ ప్రశ్న సొంత డబ్బు పెట్టి అడిగాడని నాకు గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు మళ్లీ కామేశ్వరరావు గారి దగ్గరికి వద్దాం. 1936లో ఒకే కథ మీద వచ్చిన రెండు సినిమాలని తూచిన మనిషికి 1977 సంక్రాంతికి అదే పరీక్ష ఎదురైంది. జనవరి 14న రెండు మహాభారతాలు ఒకే రోజు విడుదలయ్యాయి. ఒకటి రామారావు గారి దానవీరశూరకర్ణ. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడూ ఆయనే, దర్శకుడూ నిర్మాతా ఆయనే. రెండోది కామేశ్వరరావు గారి కురుక్షేత్రం. కృష్ణ అర్జునుడు, శోభన్‌బాబు శ్రీకృష్ణుడు, కృష్ణంరాజు కర్ణుడు. మన కైకాల సత్యనారాయణ గారు కురుక్షేత్రంలో దుర్యోధనుడు, దానవీరశూరకర్ణలో భీముడు. తొడ కొట్టినదీ ఆయనే, తొడ విరగ్గొట్టినదీ ఆయనే. పందెం ఎవరు గెలిచారో చెప్పక్కర్లేదు. దానవీరశూరకర్ణ డైలాగులు మా ఊళ్లల్లో పిల్లలకి కూడా కంఠతా వచ్చాయి. కురుక్షేత్రం ఆ హోరులో వినిపించకుండా పోయింది.

ఈ రెండూ చూసినవాడిగా చెబుతున్నాను. కర్ణ అంటే నాకూ ఇష్టమే. అది నోటి బలంతో నడిచిన సినిమా. కురుక్షేత్రంలో భారీతనం ఉంది, అనేకమంది నటులు ఒకరికొకరు చోటిచ్చుకునే తీరు ఉంది, సాలూరి రాజేశ్వరరావు గారి సంగీతం ఉంది. అందులోని కల్యాణగీతం ఒకటి సినిమా పోయినా పోలేదు. ఎన్నో ఏళ్లు రేడియోలో వినిపించింది. ఒకరు గెలవాలంటే ఇంకొకరు ఓడాలన్నది హాళ్ల లెక్క. చూసేవాడి మనసులో రెండింటికీ చోటు ఉంటుంది.

రేడియో మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. ఆడని సినిమాలకి మొదటి ఆసరా రేడియో. హాల్లో వారం నిలవని సినిమాలోని పాట జనరంజని కార్యక్రమంలో ఏళ్లపాటు బతికింది. సంక్షిప్త శబ్దచిత్రం వింటూ, చూడని సినిమాని మనసులోనే తీసుకున్న ఇళ్లు ఎన్నో. 1988లో వచ్చిన రుద్రవీణకి జాతీయ సమైక్యతకిచ్చే నర్గీస్ దత్ పురస్కారం వచ్చింది, ఇళయరాజా గారికి, బాలసుబ్రహ్మణ్యం గారికి జాతీయ పురస్కారాలు వచ్చాయి, నిర్మాతకి నష్టం వచ్చింది. అప్పుడు హాలుకి వెళ్లనివాళ్లు కూడా ఈ రోజు ఆ పాటలు వస్తే చేస్తున్న పని ఆపి వింటారు.

తర్వాత ఆ పని టీవీ చేసింది. 2010లో వచ్చిన ఖలేజా హాళ్లలో నిలబడలేదు. ఒక ఊళ్లో చావులతో అల్లాడే జనం, తమని కాపాడే దేవుణ్ని వెతుక్కుంటూ బయల్దేరిన ఒక మనిషి, తాను దేవుణ్నంటే నమ్మని టాక్సీ డ్రైవరు. ఇంత బరువైన కథని నవ్విస్తూ చెప్పారు. నవ్వుకోవాలో చేతులు జోడించాలో తెలియక జనం అప్పుడు తికమకపడ్డారు. ఇంట్లో భోజనం చేస్తూ, మధ్యలో నుంచి చూస్తూ, మళ్లీ మళ్లీ చూస్తూ ఆ మాటలకి అలవాటుపడ్డారు. 2025లో మళ్లీ విడుదలైతే హాళ్లు నిండాయి. అదే 2010లో వచ్చిన ఆరెంజ్‌దీ ఇదే దారి. ప్రేమ జీవితాంతం ఒకేలా ఉండదని వాదించే కుర్రాడి కథ అది. పత్రికలూ మెచ్చలేదు, జనమూ మెచ్చలేదు. 2023లో మళ్లీ వేస్తే, మొదటిసారి వచ్చినప్పుడు బడికి వెళ్లే వయసు పిల్లలు పెద్దవాళ్లై వచ్చి, హాల్లో పాటలన్నీ గొంతెత్తి పాడారు.

ఇది మన దగ్గరే జరిగే వింత కాదు. అమెరికాలో ఫ్రాంక్ కాప్రా 1946లో తీసిన ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్ విడుదలైనప్పుడు డబ్బు రాబట్టలేదు. 1970లలో దాని హక్కులు చెల్లిపోవడంతో టీవీ వాళ్లు ఉచితంగా వేసుకున్నారు. ఇప్పుడు క్రిస్మస్ అంటే అక్కడివాళ్లకి ఆ సినిమా. గురుదత్ 1959లో తీసిన కాగజ్ కే ఫూల్ ఎంత ఘోరంగా పోయిందంటే, ఆయన మళ్లీ దర్శకుడిగా తన పేరు వేసుకోలేదు. ఇప్పుడు సినిమా నేర్చుకునేవాళ్లు దాన్ని పాఠంలా చూస్తారు. ఆ మెప్పు ఆయన బతికుండగా అందలేదన్నదే నాకు బాధ.

మరి పోయిన సినిమాలన్నీ మంచివేనా? కావు. చాలా సినిమాలు పోవలసినవే. పోయిందన్న ఒక్క కారణంతో నేను ఏ సినిమానీ నెత్తిన పెట్టుకోను. ఈ మధ్య కొందరు నలుగురు చేరి, పోయిన సినిమా పెట్టుకుని ప్రతి సన్నివేశానికీ వెక్కిరిస్తూ చూస్తున్నారు. దాన్ని ఆనందం అనడానికి నాకు మనసు రాదు. అలా చూసేవాళ్లకి సినిమాలో ఉన్నది కనిపించదు, లేనిదే కనిపిస్తుంది.

నేను చెప్పే పద్ధతి వేరు. సినిమా చూడబోయే ముందు అది ఆడిందా పోయిందా అన్నది పక్కన పెట్టాలి. ఈ రోజుల్లో ఇది కష్టమే. పొద్దున ఆట మొదటి సగం కాకముందే ఫోన్లలో తీర్పులు వచ్చేస్తున్నాయి. మ్యాట్నీకి వెళ్లేవాడు సగం తీర్పు మోసుకుని కూర్చుంటున్నాడు. పూర్వం మాకు ఒక మేలు ఉండేది. బెజవాడలో విడుదలైన బొమ్మ పల్లె టూరింగు టాకీసుకి నెలలకి గానీ వచ్చేది కాదు. ఆ వేడి చల్లారాక మేము చూసేవాళ్లం.

తర్వాత, ఈ సినిమా ఏం చేయబోయింది అని అడగాలి. కత్తియుద్ధం కోసం వచ్చి కల దొరికితే, కల ఎలా ఉందో చూడాలి. ఆఖరికి, నచ్చితే ఎందుకు నచ్చిందో ఒక సన్నివేశం, ఒక పాట, ఒక నటుడి ముఖం చూపించి చెప్పగలగాలి. చూపించలేకపోతే అది అభిమాన నటుడి మీద ప్రేమో, మొండితనమో అయి ఉంటుంది. చూపించగలిగితే ఊరంతా ఒకవైపు ఉన్నా మీ మాటకి విలువ ఉంది. నచ్చనివాళ్లని మూర్ఖులనక్కర్లేదు. వాళ్లు చూసింది వాళ్లు చెప్పారు, మీరు చూసింది మీరు చెప్పండి.

ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానంటే దానికి బలమైన కారణం ఉంది. తెలుగు సినిమాకి ఆద్యుడు రఘుపతి వెంకయ్య నాయుడు గారు మా బందరులోనే పుట్టారు. 1921లో ఆయన, కుమారుడు ప్రకాశ్ కలిసి భీష్మప్రతిజ్ఞ తీశారు. మన మొదటి మూకీ అది. దాని ప్రింటు ఈ రోజు లేదు. బాగుందో బాగాలేదో చెప్పే వీలే మనకి లేదు. పేరున్న సినిమాకే ఈ గతి పడితే, ఎవరూ మెచ్చని సినిమాని ఎవరు దాస్తారు? పెట్టెలు మూలపడతాయి, ఫిల్ము పాడవుతుంది, హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయో తెలియకుండా పోతుంది. ఆడిన సినిమాని మార్కెట్టు దాచుకుంటుంది. ఆడని సినిమాని కాపాడేది, "అది మళ్లీ వెయ్యండి" అని అడిగే ఆ కొద్దిమందే.

అందుకే మీలో ప్రతి ఒక్కరినీ కోరుతున్నాను. మీకు నచ్చి, ఎవరికీ నచ్చలేదని మీరు పైకి చెప్పని సినిమా ఒకటి ఉండే ఉంటుంది. ఈ వారం దాన్ని మీ పిల్లల్నో, మీ పక్కింటివాళ్లనో కూర్చోబెట్టి చూపించండి. ఫలానా చోట చూడండి అని వేలు పెట్టి చూపించండి. రేడియోకి దాని పాట కావాలని రాయండి. వాళ్లకి నచ్చకపోతే నష్టం లేదు. నచ్చితే, ఆ సినిమా తీసినవాళ్ల శ్రమ ఇంకొకరికి చేరినట్టు, దాన్ని అడిగేవాళ్లలో ఇంకొకరు పెరిగినట్టు.